పద్నాలుగు అడుగుల తెరచాప పడవకి రెండంతస్తుల ట్రైలర్: ఆరేళ్ళ వాడకం తర్వాత

ముందు బరువుల లెక్క. ఫైబర్ పడవ, అల్యూమినియం స్తంభం, తెరచాపలు, చుక్కాని, లంగరు కలిపి 180 కిలోలు. పడవ కూర్చునే తోపుడు బండి 50. అడుగున రోడ్డు ట్రైలర్ 150. మొత్తం 380 కిలోలు. ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేవు కాబట్టి, బ్రేకుల్లేని ట్రైలర్ ఎంత బరువు లాగొచ్చని కారు మాన్యువల్లో ఇచ్చారో చూసుకున్నాకే కారు వెనక హిచ్ (ట్రైలర్ తగిలించే బంతి ఉన్న కొక్కెం) పెట్టించాం. లాగేది డీజిల్ ఎస్‌యూవీ. తిరుగుడంతా కోనసీమలోనే, సగం 216 జాతీయ రహదారి మీద, సగం కాలువ గట్ల మీద.

రెండంతస్తులంటే, పడవ ఎప్పుడూ చిన్న తోపుడు బండి మీదే ఉంటుంది. ఆ బండి మొత్తంగా రోడ్డు ట్రైలర్ మీదకి ఎక్కుతుంది. రేవు దగ్గర బండిని వెనక్కి లాగి దాన్నే నీళ్ళలోకి తోస్తాం, ట్రైలర్ గట్టు మీదే ఉండిపోతుంది. ఈ పద్ధతికి పదికి తొమ్మిది మార్కులు. మా ట్రైలర్ చేసిన తీరుకి మాత్రం ఆరే.

తొమ్మిది ఎందుకంటే హబ్‌ల వల్ల, అంటే చక్రాల మధ్య బేరింగులుండే డిప్పల వల్ల. మొదటి సీజను ట్రైలర్నే నేరుగా నీళ్ళలోకి దించే రకం వాడాం. ముప్పై కిలోమీటర్లు నడిచొచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. దాన్ని అలాగే ముంచితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి, గ్రీజు కారకుండా ఆపే ఆయిల్ సీల్ అంచునుంచి నీళ్ళు లోపలికి పీల్చేస్తుంది. అంతర్వేది దగ్గర ఆ నీళ్ళు ఉప్పువి. మూత విప్పి చూస్తే గ్రీజు పాలెక్కువైన కాఫీ రంగులోకి తిరిగింది, రోలర్ల మీద నల్లటి మచ్చలు పడ్డాయి. మచ్చ పడిన బేరింగు ఎంత గ్రీజు పెట్టినా బాగుపడదు, మార్చాల్సిందే. రెండంతస్తుల దాంట్లో వేసిన బేరింగులు ఆరేళ్ళుగా అవే నడుస్తున్నాయి.

అయినా ఏడాదికోసారి, వానలు వెనకబడ్డాక, విప్పుతాం. డీజిల్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టి, అరచేతిలో గ్రీజు పెట్టుకుని రోలర్ల మధ్య అవతలి వైపుకి పొడుచుకొచ్చేదాకా కూరాలి. పాత గ్రీజు మీద వేరే రకం గ్రీజు కలపకూడదు. కొన్ని రకాలు కలిస్తే పలచబడి కారిపోతాయి. ఆయిల్ సీల్ ప్రతిసారీ కొత్తది. చక్రం తిప్పుతూ నట్టు బిగించండి, చక్రం బరువెక్కినట్టు అనిపించాక నట్టు వదులు చేసి, మళ్ళీ వేళ్ళతో బిగినంత బిగించి, దగ్గరున్న గాడిలో నట్టు తిరగకుండా ఆపే కాటర్ పిన్ను వెయ్యండి. పాత పిన్ను సాపు చేసి మళ్ళీ వాడొద్దు. టైరు పైనా కిందా పట్టుకుని ఊపితే వదులు తెలిసీ తెలియనంతే ఉండాలి. పానాతో బిగించి వదిలేసిన హబ్ పది కిలోమీటర్లకే కాలిపోతుంది. బయల్దేరిన పావుగంటకి ఆగి హబ్ మీద చెయ్యి పెట్టి చూడటం మాత్రం మానొద్దు. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి నిలవకపోతే బండి కదపొద్దు.

తోపుడు బండికి అసలు బాల్ బేరింగులే పెట్టొద్దు. నైలాన్ బుష్ చాలు. నీళ్ళలో మునిగినా తుప్పు ఉండదు, గ్రీజు అక్కర్లేదు. దాని చక్రాలకి ఆటో టైర్లు, 4.00-8 సైజు, ప్రతి ఊళ్ళో దొరుకుతాయి. మన రేవుల్లో సిమెంటు వాలు ఉన్నవి తక్కువ, మెట్లో ఒండ్రో ఉంటుంది. ఒండ్రులో రెండు చెక్క పలకలు పరిచి వాటి మీద నడిపించాలి. పలకలు లేకపోతే కొబ్బరి మట్టలు అడ్డంగా వేసినా చక్రం దిగబడదు. ఏరు సముద్రంలో కలిసే చోట్ల పోటు మీద దించితే, పాటు మొదలయ్యేలోపు తిరిగి రావాలి. ఆలస్యమైతే దించిన చోట నీళ్ళుండవు, ఇరవై గజాల బురద ఉంటుంది.

కారు హిచ్ మీద పడే బరువు రెండో సంగతి. మొత్తం బరువులో ఏడు నుంచి పది శాతం దాకా ముందు పడాలి. మాకది 27 నుంచి 38 కిలోల మధ్య. బాత్రూములో వాడే తూకం యంత్రం చాలు. దాని మీద చెక్క నిలబెట్టి, కప్లర్ (కారు హిచ్ బంతిని పట్టుకునే ట్రైలర్ ముక్కు) ఆ బంతి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ఆనించి చూడాలి. ట్రైలర్ వాలుగా ఉంటే తూకం తప్పు చూపిస్తుంది. మొదట మాది 19 చూపించింది. వెనక బరువెక్కువైన ట్రైలర్ గంటకి అరవై కిలోమీటర్లు దాటగానే తోక ఊపుతుంది, ఒకసారి మొదలైతే ఊపుకి ఊపు తోడవుతుంది. ఇరుసుకీ కప్లర్‌కీ మధ్య మూడు మీటర్లు, కదిలే బరువు 230 కిలోలు కాబట్టి, పడవా బండీ కలిపి పది సెంటీమీటర్లు ముందుకి జరిపితే దాదాపు ఎనిమిది కిలోలు ముందు పెరుగుతుంది. పదిహేను జరిపి, పడవని పైకి లాగే వించ్ ఉన్న స్తంభాన్ని అక్కడే బోల్టులతో బిగించేశాం. లంగరు కూడా ఇప్పుడు పడవ వెనక గూట్లో కాదు, ఇరుసు మీదుగా ఉంటుంది. ఎప్పుడైనా ఊగడం మొదలైతే బ్రేకు తొక్కొద్దు, స్టీరింగు తిప్పొద్దు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యండి, అంతే.

బంతి సైజు విషయంలో అంగడివాళ్ళ మాట నమ్మొద్దు. 50 మిల్లీమీటర్ల కప్లర్‌లో 47.6 బంతి కూడా దూరుతుంది, తాళం పడినట్టే కనిపిస్తుంది, గతుకులో ఎగిరి ఊడుతుంది. బంతి మీద అచ్చేసిన అంకె చదవండి, అచ్చు లేకపోతే వెర్నియర్‌తో కొలవండి. తగిలించాక ట్రైలర్ ముందు చక్రానికున్న జాకీ తిప్పి ముక్కుని పైకెత్తండి. కారు వెనక భాగం కూడా లేస్తేనే తాళం పడినట్టు. గొలుసులు రెండూ కప్లర్ కింద అడ్డంగా ఒకదాని మీంచి ఒకటి వేస్తే, ఊడినా ముక్కు రోడ్డుని పొడవకుండా ఆ ఊయలలో ఆగుతుంది. మలుపులో లాగనంత వదులు, నేలని రాయనంత బిగువు.

ఇక ఆరు మార్కుల సంగతి. ట్రైలర్ చట్రాన్ని వెల్డింగ్ షాపువాళ్ళు బాక్స్ పైపుతో చేశారు. జింకు పూత వేయించాక మళ్ళీ రెండు బ్రాకెట్లు అతికారు. అతికిన చోట పూత కాలిపోయి మొదటి ఏడాదే తుప్పు కారింది. అంతకన్నా పైపు లోపల చేరిన తేమ ప్రమాదం. బయట మెరుస్తూనే లోపల తినేస్తుంది. నాలుగో ఏట సుత్తితో తడితే ఒకచోట మొద్దు శబ్దం వచ్చింది, ఆ ముక్క కోసి కొత్తది వెయ్యాల్సొచ్చింది. చేయించేవాళ్ళు ఒక పక్క తెరిచుండే సి-చానల్ అడగండి, రెండు వైపులా నీళ్ళు కొట్టి కడగొచ్చు. రంధ్రాలు, వెల్డింగులు అన్నీ అయ్యాకే పూతకి పంపండి. కమాన్ కట్టల యూ బోల్టులు మొదటి వంద కిలోమీటర్లకి వదులవుతాయి, మళ్ళీ బిగించాలి.

కడగడానికి కాలువ నీళ్ళకి మించినవి లేవు, గోదావరి మంచినీళ్ళు. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడే చిక్కు. తీరం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే తుప్పుని పిలిచినట్టే.

టైర్లు మారుతి ఆమ్నీవి, 145 ఆర్12. స్టెప్నీ ఏ టైర్ల కొట్టులోనైనా దొరుకుతుంది. గాలి 30 పాయింట్లు చాలు. టైరు మీద రాసిన గరిష్ఠం నింపితే ఇంత తక్కువ బరువుకి ట్రైలర్ గంతులేస్తుంది.

కట్టడం గురించి రెండు మాటలు. వించ్ తాడు పడవని పైకి లాగడానికే, రోడ్డు మీద ఆపడానికి కాదు. ముక్కుకి వేరే తాడు, వెనక రెండు 25 మిల్లీమీటర్ల పాలిస్టర్ పట్టీలు. నైలాన్ తడిస్తే సాగుతుంది, ఇంట్లో బిగించినది కొంతదూరం పోయేసరికి వదులవుతుంది. పట్టీకి ఒక మెలిక పెడితే గాలికి జుయ్యిమని మోగదు. పడవ బరువు మధ్య వెన్ను మీద పడాలి, పక్క దిమ్మలు ఒరగకుండా ఆపడానికే. వాటికి కొబ్బరి పీచు పట్టలు చుట్టకండి. ఇసుక పట్టుకుని ఫైబర్‌ని గరుకుకాగితంలా రుద్దుతాయి, పాత టైరు ట్యూబు మేలు. వానాకాలం నిలిపి ఉంచినప్పుడు అడుగు బిరడా తీసి పెట్టండి. పడవ లోపలి రెండున్నర చదరపు మీటర్ల గుంతలో పది సెంటీమీటర్ల వాన నిలిస్తే 250 కిలోలు, పడవ బరువుని మించిపోతుంది.

ట్రైలర్ లైట్లకి కారు నుంచి కరెంటు అందించే ఏడు పిన్నుల గుండ్రటి ప్లగ్గులో తెల్ల తీగ ఎర్త్. బ్రేకు తొక్కితే సిగ్నల్ లైట్లు కూడా మసగ్గా వెలిగాయంటే అదే పోయినట్టు. ఎర్త్ హిచ్ బంతి ద్వారా అందుతుందిలే అని వదిలేసే మెకానిక్కులున్నారు. బంతికి గ్రీజు పూశాక అందదు.

దారిలో చూసుకోవాల్సినవి: కాలువల మీది పొట్ట వంతెనలు, ముందు చక్రం పూర్తిగా పైకి లాగకపోతే అక్కడ తగిలి వంగుతుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని మీద బ్రేకు ఆనదు, గడ్డి ఇరుసుకి చుట్టుకుంటుంది. చించినాడ వంతెన మీద మధ్యాహ్నం పక్కగాలి, నలభై దాటొద్దు. నర్సాపురం–సఖినేటిపల్లి రేవు దాటించే పంటు ఎక్కించేటప్పుడు ట్రైలర్ విప్పి చేత్తో తొయ్యడమే నయం, ఆ పలక మీద రివర్సు చేస్తే కప్లర్ కింద రాసుకుంటుంది.

రేవులో స్తంభం ఎత్తేముందు తలెత్తి చూడండి. చాలా రేవుల మీదుగా కరెంటు తీగలు పోతుంటాయి, కొబ్బరాకుల చాటున కనబడవు. అల్యూమినియం స్తంభం తీగని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరకి పోయినా చాలు. మేం తీగల కింద నుంచి దాటి నీళ్ళ వైపు యాభై అడుగులు వచ్చాకే, ముందు స్తంభం ఎత్తి, తర్వాతే బండిని నీళ్ళ వైపు తిప్పుతాం. తిరిగొచ్చాక కూడా అక్కడే దించుతాం.