గట్టి అట్ట చూసి డబ్బు పెట్టద్దు, లోపల కుట్టు ఉందో లేదో చూడండి

ఆన్‌లైన్‌లో నిఘంటువులు, భారత భాగవతాల లాంటి లావు పుస్తకాలు తెప్పించుకునే మన కడప వాళ్లందరికీ ఈ సంగతి తెలియాల.

మా పాప కోసం పెద్ద తెలుగు నిఘంటువు తెప్పించినాను. రోజూ తిరగేసేది గదా అని మెత్తటి అట్టది వదిలేసి, మూడు వందలు ఎక్కువ పెట్టి గట్టి అట్టది తీసుకున్నా. ఎండలు ముదరగానే 'క' అక్షరం దగ్గర వెన్ను పటుక్కుమంది. ఆ చుట్టుపక్కల పేజీలన్నీ చేతికొచ్చేసినాయి. ఊడిన కాగితం అంచు గరుగ్గా ఉంది, ఎండిన జిగురు పొట్టులా రాలుతోంది. దారం జాడే లేదు. అట్ట మాత్రం నిగనిగలాడుతోంది!

మా వీధిలో బైండింగు చేసే పెద్దాయన చూసి, "మెత్తటి అట్టకు కట్టిన సరుకే సార్, పైన గట్టి అట్ట తగిలించినారు" అన్నాడు. పక్క నుంచి రంధ్రాలు పొడిచి కుడదామంటే లోపలి మార్జిను లేదు, అక్షరాలు మడతలోకి పోతాయంట.

జిగురు బైండింగులో ఫారాల (అంటే మడిచిన కాగితాల కట్టల) వెన్నును మిషను గీరేస్తుంది. ఇక ప్రతి కాగితమూ విడిదే, పట్టుకునేది జిగురొక్కటే. ఆ జిగురు వేడికి మెత్తబడుతుంది, పాతబడేకొద్దీ పెళుసెక్కుతుంది. 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఎన్నాళ్లు ఆగుతుంది? కాగితం 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) అని గొప్పగా రాసినారు గానీ, మందం కాగితం తిప్పినప్పుడల్లా జిగురును ఇంకా లాగుతుంది. ఫారం మడతలో దారంతో కుట్టినదైతే జిగురు పోయినా పేజీ నిలబడుతుంది. మా ఇంట్లోనే కుట్టిన పద్యాల పుస్తకముంది, మెత్తటి అట్టదే. అట్ట చినిగింది, ఒక్క పేజీ కదల్లేదు.

వంద పేజీల కథల పుస్తకానికి జిగురు చాలు. లావు పుస్తకమైతే మాత్రం పై అంచు నుంచి వెన్ను చూడండి, మడిచిన కట్టలు పక్కపక్కన కనిపించాల. అది చూసి ఆగద్దు, కట్టలుండి కూడా జిగురుతోనే అతికించేవి ఉన్నాయి. కట్ట నడిమి పేజీ తెరిస్తే మడతలో దారం కనపడాల. ఆన్‌లైన్ అయితే ఈ రెండు ఫోటోలూ అడగండి, పంపకపోతే కొనద్దు. పార్సిల్ రాగానే, వాపసు గడువు లోపలే విప్పి చూడండి.

అమ్మినవాళ్లు నాకు గడువు దాటిందన్నారు, గట్టి అట్ట అన్నాం, ఇచ్చినాం అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినాను. ఇట్లాంటిదే మీకూ వచ్చి ఉంటే మీరూ చేయండి.