పల్లేరు కాయల కాలానికి రోడ్ బైక్ టైరు: రెండు చలికాలాల వాడకం తర్వాత

విదేశీ సమీక్షల్లో చలికాలపు టైరు అంటే మంచు, గడ్డకట్టిన రోడ్డు, చలికి బిగుసుకుపోయే రబ్బరు. నల్లగొండలో ఆ బాధ లేదు. డిసెంబరు తెల్లవారుజామున 14 డిగ్రీలు ఉన్నా మామూలు రబ్బరు బాగానే పట్టు ఇస్తుంది. ఇక్కడ టైరును పరీక్షించేవి పల్లేరు కాయ, సర్కారు తుమ్మ ముల్లు, హైవే అంచున రాలి ఉండే లారీ టైరు తీగ, కోతల రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డెక్కించే మట్టి. వానలు వెనకబట్టి ఎండ తగిలిందంటే పచ్చిగా ఉన్న పల్లేరు కాయలన్నీ ఎండి గట్టిపడతాయి. అక్టోబరు నుంచే పంక్చర్లు మొదలు.

వాడింది కాంటినెంటల్ గ్రాండ్ ప్రి ఫోర్ సీజన్, 28 మి.మీ., లోపల మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు. తిరిగింది ఎక్కువగా నార్కట్‌పల్లి, నల్లగొండ, హాలియా మీదుగా సాగర్ దారి, కొంత విజయవాడ హైవే. ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) కింద వెక్ట్రాన్ అనే గట్టి దారాల పొర, పక్క గోడలకు గోధుమ రంగు అల్లిక ఉంటాయి. పల్లేరు ముల్లు పొట్టిది, చాలాసార్లు పొర దగ్గరే ఆగుతుంది. తుమ్మ ముల్లు అట్లా కాదు. పొడుగ్గా ఉండి నిలువునా దిగితే ఏ పొరా ఆపదు. రోడ్డు పక్క కంప కొట్టిన వారం పది రోజులు అంచు వదిలి నడపడమే దానికి మందు.

అసలు పీడ తీగ. వెంట్రుక కన్నా కాస్త లావు, అర సెంటీమీటరు కూడా ఉండదు. రబ్బరులో ఇరుక్కుని చక్రం తిరిగినకొద్దీ లోపలికి పోతుంది. ట్యూబు మార్చిన పది నిమిషాలకే మళ్లీ గాలి దిగిందంటే తీగ టైరులోనే ఉన్నట్టు. వేలితో తడిమితే దొరకదు, పైగా వేలు తెగుతుంది. దూది ఉండ తీసుకుని టైరు లోపల చుట్టూ రుద్దండి. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడే తీగ. పట్టకారుతో లోపలి నుంచే లాగాలి. టైరు ఎక్కించేటప్పుడే కంపెనీ పేరును వాల్వు పక్కకు పెట్టుకుంటే, ట్యూబులో చిల్లి చూసి టైరులో ఆ చోటు ఇట్టే కనిపెట్టొచ్చు.

గాలి విషయంలో మనవాళ్లు చేసే తప్పు వంద పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టడం. 70 కిలోల మనిషికి 28 టైరులో ముందు 62, వెనక 70 చాలు. రోడ్డు తడిగా ఉంటే రెండింటిలో ఐదు తగ్గించాలి. ఇంకో లెక్క ఉంది. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో 70 కొట్టి పెడితే తెల్లారి 14 డిగ్రీలకు అది 65, 66కు దిగుతుంది. అది లీకు కాదు, చలి. కాబట్టి బయల్దేరే ముందే కొట్టుకోవాలి. మరీ తగ్గితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. హాలియా, నిడమనూరు ఆయకట్టులో ఇది ఎక్కువ. రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు మరి. ఆ వడ్ల మీద 28 అయినా 32 అయినా ఒకటే, గింజలు కింద దొర్లుతాయి. బ్రేకు పట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా దాటాలి.

తడి రోడ్డు మీద పట్టు ట్రెడ్ గీతల వల్ల రాదు. సైకిల్ టైరు సన్నం, గాలి గట్టిగా ఉంటుంది, నీటి మీద తేలదు. పట్టు రబ్బరు మెత్తదనంలో ఉంది. పంక్చరే కాదని అమ్మే గట్టి రబ్బరు టైర్లు చాలావరకు ఇక్కడే ఓడిపోతాయి. ఫోర్ సీజన్ వానలో నమ్మకంగా ఉంది. అయితే పొగమంచు పడ్డ తెల్ల గీతల మీద దీన్నయినా నమ్మకండి.

కొనేముందు ఫోర్కుకీ టైరుకీ మధ్య నాలుగు మిల్లీమీటర్లైనా సందు మిగులుతుందా చూసుకోవాలి. రేగడి మట్టి అతుక్కుంటే చక్రమే తిరగదు. చల్క నేలల్లో ఆ ఇబ్బంది తక్కువ. పాత బైకుల్లో 25కు మించి పట్టకపోవచ్చు. ఊళ్లో సైకిల్ దుకాణంలో "28 సైజు" అని అడిగితే పాతకాలం సైకిల్ టైరు చేతికిస్తారు. దాని రిమ్ము కొలత 635 మి.మీ., మనది 622. ఎక్కదు. అడగాల్సింది 28-622, అంటే వెడల్పు 28, రిమ్ము 622.

ట్యూబ్‌లెస్ అయితే పల్లేరు గొడవ ఇంకా తగ్గుతుంది. చక్రానికి 30, 40 మి.లీ. సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోయాలి. కానీ మన ఎండలకు అది త్వరగా ఆరిపోతుంది, రెండు నెలలకోసారి చూడక తప్పదు. ఆ ఓపిక లేనివాళ్లకు ట్యూబులే నయం. రెండు ట్యూబులు వెంట ఉంచుకోండి. మంచుకు తడిసిన ట్యూబు మీద ప్యాచ్ అతుక్కోదు, అది ఇంటికొచ్చాక వేసుకునే పని.

వెనక టైరు నడుమ చదునైపోతే కొత్తది వెనక వేయకండి. ముందుది వెనక్కి మార్చి, కొత్తది ముందు ఎక్కించండి. జారితే ఆపుకోలేనిది ముందు చక్రమే.