ద్వారకానగర్ జీఎస్టీ కన్సల్టెంట్ ఆఫీసు: బిల్లును చదివే మనుషులున్న చోటు

ఆటోనగర్‌లో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్. గేట్లు, గ్రిల్స్, కంపెనీలకు ర్యాకులు చేస్తాం. వెల్డింగ్ పని మా బావ చూసుకుంటాడు, ఆర్డర్లూ డబ్బు లెక్కా నావి. జీఎస్టీ రిటర్నులు వేసే పని ఈ ఆఫీసుకు అప్పగించి చాన్నాళ్లయింది.

వీళ్లు బిల్లును నిజంగా చదువుతారు. చాలాచోట్ల అడుగున ఉన్న మొత్తం చూసి ఎంట్రీ కొట్టేస్తారు. ఇక్కడ బిల్లులు చూసే మేడమ్ ముందు మన జీఎస్టీ నంబరు కింద స్కేలు పెట్టి, పదిహేను అక్షరాలూ ఒక్కొక్కటే సరిచూస్తారు. ఒకసారి పన్ను కాకుండా 3 లక్షలకు రేకులు కొన్న బిల్లులో మా నంబరులోని రెండు అక్షరాలు తారుమారయ్యాయి. నంబరు మొదట ఉండే మన రాష్ట్రం కోడ్ 37 సరిగ్గానే ఉంది, పైకి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. తప్పు నంబరును పోర్టల్ తీసుకోదు కదా, సప్లయర్ ఆ అమ్మకాన్ని నంబరు లేని కస్టమర్ కింద చూపించేశాడు. అలాగైతే బిల్లు మన 2బిలోకి, అంటే సప్లయర్లు చూపించిన బిల్లులతో పోర్టల్ మనకిచ్చే లిస్టులోకి రాదు. అందులో లేకపోతే 18 శాతం, అంటే కొన్నప్పుడు కట్టి, మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే 54,000 రూపాయల క్రెడిట్ పోయినట్టే. ఆ డబ్బుతో మా షాపులో వెల్డర్లకు జీతాలిస్తాం. సప్లయర్‌తో సవరణ చేయించేదాకా మేడమ్ ఫోన్లు ఆపలేదు.

మా బిల్లు మీద ఉద్యమ్ నంబరు, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదైన నంబరు, వేయించిందీ వీళ్లే. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా చిన్న యూనిట్లకు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. ఆ నంబరు వేశాక ఒక పెద్ద పార్టీ అకౌంట్స్ వాళ్లు మా బిల్లు తేదీ అడిగి మరీ రాసుకున్నారు. అంతకుముందు ఫోనే ఎత్తేవాళ్లు కాదు.

ఫీజు బయటికంటే కాస్త ఎక్కువే. రిటర్నుల గడువు 20వ తేదీ దగ్గర పడితే వీళ్లు దొరకరు, ఆ విషయంలో వీళ్లు ఇంకో మనిషిని పెట్టుకుంటే బాగుంటుంది. బండి పెట్టడానికి చోటు వెతుక్కోవాలి.

కొత్తగా షాపు పెట్టేవాళ్లు బిల్లు బుక్కు ప్రింటుకు ఇవ్వకముందే నమూనా పట్టుకెళ్లి చూపించండి. ఆ మాత్రానికి డబ్బులు తీసుకోరు.