గల్ఫ్‌కి తిరిగి వెళ్లడానికి ‘కంప్లీట్ ప్యాకేజీ’ కొంటున్నారా? విజయవాడ, గుంటూరు వాళ్లు ముందు ఇది చదవండి

టికెట్టు, ఆర్టీపీసీఆర్ కోవిడ్ పరీక్ష, యూఏఈలోకి వెళ్లడానికి అప్రూవల్ (అనుమతి), ఇన్సూరెన్సు, శంషాబాద్ దాకా కారు... అన్నీ కలిపి ఒకే రేటుకి ‘కంప్లీట్ ప్యాకేజీ’ అంటూ 2021లో, కోవిడ్ రోజుల్లో, బెజవాడలో కొందరు ట్రావెల్ ఏజెంట్లు వాట్సాప్ స్టేటస్‌లు పెట్టారు. అలాంటివి దయచేసి కొనకండి. అందులోనూ ‘రిపోర్ట్ గ్యారంటీ, టైమ్ సంగతి మేం చూసుకుంటాం’ అనేవాడి దగ్గర అసలు వద్దు. ఆ టైమ్ సంగతి వాళ్లు ఎలా చూసుకుంటారో మా ఇంట్లో వాళ్లకి ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర తెలిసింది.

అప్పట్లో ఏం జరిగిందంటే, 2021 సెప్టెంబరు 12 నుంచి ఇండియాలో కోవిషీల్డ్ రెండు డోసులు వేయించుకున్న రెసిడెన్స్ వీసా వాళ్లని కూడా యూఏఈ రానిచ్చింది. అన్నాళ్లూ ఇక్కడ ఇరుక్కుపోయినవాళ్లంతా ఒక్కసారిగా బయల్దేరారు. ఏజెంట్లకి అది పండగ సీజను.

మా మరిది షార్జాలో ఏసీ మెకానిక్. ఆ ఏడాది మార్చిలో పెళ్లికని వచ్చాడు. ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి యూఏఈ మన దేశం నుంచి వెళ్లేవాళ్లని ఆపేసింది. అక్కడే వ్యాక్సిన్ వేయించుకున్న రెసిడెంట్లకి ఆగస్టు 5న దారి తెరిచారు. తను సైనోఫామ్ వ్యాక్సిన్ రెండు డోసులూ అక్కడే వేయించుకున్నాడు, యూఏఈ వాళ్ల కోవిడ్ యాప్ అల్ హోసన్‌లో కనిపించేది కూడా. అంటే అన్ని అర్హతలూ ఉన్నాయి, చేతిలో టైమే లేదు. కంపెనీ వాళ్లు రోజూ ఫోన్లు. అలాంటప్పుడు బందరు రోడ్డులో ఉన్న ఒక ఏజెన్సీ వాళ్లు ‘మీరు సూట్‌కేసు సర్దుకోండి మేడమ్, మిగతాదంతా మాది’ అన్నారు. మొత్తం 46 వేలు. ఫోన్‌పేలో ఒక వ్యక్తి పేరు మీద కట్టమన్నారు. బిల్లు అడిగితే ‘ఆడిటర్ లేడండీ, రేపిస్తాం’. ఆ రేపు ఇంకా రాలేదు.

అసలు మోసం జరిగింది ఆర్టీపీసీఆర్ దగ్గర. దాన్ని కొంచెం వివరంగా చెబుతాను. అప్పట్లో యూఏఈ వాళ్లు అడిగింది 48 గంటల లోపు రిపోర్టు. ఆ 48 గంటలు రిపోర్టు చేతికొచ్చినప్పటి నుంచి కాదు, ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీసిన నిమిషం నుంచి మొదలు. దానికి తోడు ఎయిర్‌పోర్టులోనే విమానానికి ఆరు గంటల లోపు ర్యాపిడ్ పీసీఆర్ ఇంకొకటి. హైదరాబాద్‌లో ఆ సౌకర్యం ఉంది కాబట్టే మనవాళ్లంతా శంషాబాద్ నుంచి వెళ్లారు. ఇక్కడి నుంచి రోడ్డు మీద ఐదారు గంటలు, పంతంగి టోల్ దగ్గర రద్దీ ఉంటే ఇంకొంచెం.  

మా మరిది విమానం గురువారం తెల్లవారుజామున నాలుగింటికి. వెనక్కి లెక్కేస్తే శాంపిల్ మంగళవారం తెల్లవారుజామున నాలుగు తర్వాతే ఇవ్వాలి. ఏజెంటు పంపిన కుర్రాడు సోమవారం సాయంత్రం ఆరింటికే ఇంటికొచ్చి శాంపిల్ తీసుకుపోయాడు. ‘ఇప్పుడే ఎందుకన్నా?’ అని మా మరిది ఫోన్ చేసి అడిగాడు కూడా. ‘ల్యాబ్‌లో రష్ తమ్ముడూ, డేట్ మేం సెట్ చేస్తాం’ అన్నాడు ఏజెంటు. మంగళవారం రాత్రి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. నెగెటివ్. శాంపిల్ తీసిన సమయం మంగళవారం ఉదయం ఏడు. కింద క్యూఆర్ కోడ్. చూడ్డానికి అంతా బాగానే ఉంది.

కౌంటర్ దగ్గర ఎయిర్‌లైన్ అమ్మాయి క్యూఆర్ స్కాన్ చేసింది. ల్యాబ్ వాళ్ల ఒరిజినల్ రిపోర్టు తెరుచుకుంది. అందులో సోమవారం సాయంత్రం 6.20. కాగితం మీద మంగళవారం ఏడు. ఏజెంటు పీడీఎఫ్‌లో టైమ్ మార్చాడు గానీ, క్యూఆర్ లోపల ఉన్నదాన్ని మార్చలేడు కదా. యూఏఈ వాళ్లు క్యూఆర్ కావాలని పట్టుబట్టింది ఇలాంటివాళ్ల కోసమే.

బోర్డింగ్ ఇవ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే, నేను ఎయిర్‌లైన్‌ని ఏమీ అనను. పోలీసులకి అప్పజెప్పకుండా వదిలారు, అదే పదివేలు. దిద్దిన రిపోర్టు పట్టుకుని కౌంటర్ ముందు చెమటలు కక్కింది మా మరిది, దిద్దినవాడేమో బెజవాడలో హాయిగా నిద్రపోతున్నాడు. తెల్లారాక ఫోన్ చేస్తే ‘టెస్ట్ మాది కాదు మేడమ్, ల్యాబ్‌ది’ అన్నాడు. ల్యాబ్‌కి వెళ్తే వాళ్లు రికార్డు తీసి చూపించారు, సోమవారం 6.20 అనే ఉంది. ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. అప్పట్లో మన రాష్ట్రంలో ప్రైవేటు ల్యాబ్‌లో ఆర్టీపీసీఆర్‌కి ప్రభుత్వం కట్టిన ధర 499 రూపాయలు. ప్యాకేజీలో ‘ఇంటర్నేషనల్ ఆర్టీపీసీఆర్’ అని మా దగ్గర తీసుకుంది 2,500.

తర్వాత మేమే చేసుకున్నాం. ల్యాబ్‌కి మనిషే వెళ్లి, పాస్‌పోర్టు చూపించి, పేరు, నంబరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఎక్కించుకున్నారో లేదో తెర మీద చూసుకుని, శాంపిల్ టైమ్ రసీదు మీద వేయించుకుని. ఎన్ని గంటల్లో రిపోర్టు ఇస్తారో ముందే అడిగాం. శాంపిళ్లు హైదరాబాద్ పంపే కలెక్షన్ సెంటర్లు కొన్ని ఉన్నాయి, అక్కడ ఆలస్యం అవుతుంది. మిషను విజయవాడలోనే ఉన్న ల్యాబ్ చూసుకోండి. రిపోర్టు రాగానే ఇంట్లో ఇంకో ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేసి, రెండింట్లో ఒకే టైమ్ ఉందా అని చూడండి. ఎయిర్‌పోర్టులో ర్యాపిడ్ టెస్ట్ డబ్బు అప్పట్లో వేలల్లో ఉండేది, అది ప్యాకేజీలో లేదు, ఏజెంటు చెప్పలేదు కూడా. అది విడిగా పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇన్సూరెన్సు దగ్గర జరిగింది ఇంకా ఘోరం. ‘కోవిడ్ కవర్ ఉన్న పాలసీ’ అని 3,800 వేశారు. పంపింది మొదటి పేజీ మాత్రమే. పూర్తి పాలసీ తెప్పించుకుని చూస్తే అది కరోనా కవచ్! కోవిడ్ చికిత్స కోసం 2020 జులై నుంచి ఇన్సూరెన్సు కంపెనీలు అమ్మిన పాలసీ. మంచిదే, కాదనను. యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా, మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర నెలల గడువుల్లో దొరికేది. కానీ అది ఇండియాలో చేయించుకునే వైద్యానికే. పైగా మొదటి పదిహేను రోజులు వర్తించేది కాదు. షార్జా వెళ్లేవాడికి దాన్ని అంటగట్టడమంటే ఏమనాలి?

అక్కడి సంగతి కూడా తెలిసి ఉండాలి. దుబాయ్, అబుధాబిల్లో ఉద్యోగికి హెల్త్ ఇన్సూరెన్సు కంపెనీయే చేయించాలని చట్టం. 2021లో షార్జాలో ఆ చట్టం లేదు. షార్జా, అజ్మాన్ వైపు వెళ్లేవాళ్లు ఇక్కడ ఏజెంటు ఇచ్చే కాగితం కాకుండా, కంపెనీ హెచ్‌ఆర్‌ని ‘నా కార్డు నడుస్తోందా, కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరితే వర్తిస్తుందా’ అని మెయిల్‌లో అడిగి జవాబు రాయించుకోండి. నెలల తరబడి ఇక్కడే ఉండిపోయినవాళ్ల కార్డుల గడువు ఈలోగా ముగిసి ఉండొచ్చు. మా మరిది కార్డు అలాగే అయిపోయింది. అడిగితేనే కొత్తది ఇచ్చారు.

మందుల గురించి ఒక్క మాట. అమ్మలు దగ్గు సిరప్‌ల నుంచి నొప్పి మాత్రల దాకా సంచి నిండా కట్టి పంపుతుంటారు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ మాత్రలు ముందస్తు అనుమతి లేకుండా యూఏఈకి తీసుకెళ్తే ఇక్కట్లే. అక్కడి ప్రభుత్వం ఆన్‌లైన్‌లో అనుమతి ఇస్తుంది. బీపీ, షుగర్ మందులకైనా డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి.

ఇంకా, అప్పట్లో కోవిన్ (కోవిడ్ వ్యాక్సిన్) సర్టిఫికెట్‌కి పాస్‌పోర్టు నంబరు జోడించడానికి ఐదేసి వందలు వసూలు చేశారని గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా చెల్లెలు చెప్పింది. అది కోవిన్ సైట్‌లో ఎవరైనా ఉచితంగా చేసుకోగలిగిన పని. 2021లో విదేశీ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి కోవిషీల్డ్ రెండో డోసు 84 రోజులు ఆగకుండా 28 రోజుల తర్వాత వేశారు, దానికీ ఎవరికీ ‘సర్వీస్ చార్జి’ ఇవ్వాల్సిన అవసరం లేకపోయింది. కువైట్ వెళ్లేవాళ్లకయితే, అప్పట్లో కోవాక్సిన్ అక్కడ చెల్లలేదు, డోసు వేయించుకునే ముందే చూసుకోవాల్సి వచ్చింది.

టికెట్టు డబ్బు కోసం ఇంకా కొట్లాడుతున్నాం. బుకింగ్‌లో ఏజెంటు మా మరిది పేరు తప్ప మెయిల్, ఫోన్ నంబరు తనవే ఇచ్చాడు. దాంతో ఎయిర్‌లైన్ నుంచి వచ్చే ప్రతి సందేశం వాడికే వెళ్తోంది. టికెట్టు ఎవరి ద్వారా కొన్నా సరే, బుకింగ్‌లో మీ మెయిల్, మీ నంబరు ఉన్నాయో లేదో అదే రోజు పీఎన్ఆర్‌తో ఎయిర్‌లైన్ సైట్‌లో తెరిచి చూసుకోండి. విమానం ఎక్కలేకపోయినా టికెట్టులో కట్టిన పన్నులు, యూడీఎఫ్ (యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు) లాంటి ఎయిర్‌పోర్టు రుసుములు వెనక్కి ఇవ్వాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. ఏజెంటు ద్వారా కొన్నా రిఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే, 2021లో దానికి గడువు 30 పని దినాలు. ఇది మన దేశపు విమాన సంస్థలకి. విదేశీ సంస్థలకి వాళ్ల దేశం నిబంధనలు వర్తిస్తాయి. ఏజెంటేమో ‘నో షో అండీ, రూపాయి రాదు’ అన్నాడు. ఆ మాట రాతలో ఇవ్వమంటే ఇవ్వలేదు. మేం ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టి, విమాన ప్రయాణికుల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ పోర్టల్ ఎయిర్‌సేవాలోనూ ఫిర్యాదు చేశాం.

పాలసీ గురించి ముందు ఆ ఇన్సూరెన్స్ కంపెనీకే ఫిర్యాదు రాశాం, జవాబు సరిగా రాకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నారు, ఫీజు లేదు. ఏజెన్సీ మీద వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లో కేసు వేస్తున్నాం. ఐదు లక్షల లోపు అయితే ఫీజు కట్టక్కర్లేదు, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే వేయొచ్చు. కేసు కాబట్టే ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు, అడగొద్దు.

ఎవరికైనా ఇలా టైమ్ మార్చిన రిపోర్టు వస్తే, కోపంలో వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి. వాడు పంపిన పీడీఎఫ్, క్యూఆర్ స్కాన్ చేస్తే వచ్చిన పేజీ, ఫోన్‌పే రసీదు విడిగా దాచండి. ల్యాబ్‌లో శాంపిల్ టైమ్ ఉన్న రికార్డు కాపీ అడిగి, ముద్ర వేయించుకోండి. మాకు ల్యాబ్ వాళ్లు కాదనకుండా ఇచ్చారు, కేసు కాగితాల్లో పైన పెట్టింది దాన్నే.