లిబ్‌సి-కంపాట్ హెడర్: చాలా ఏళ్ల వాడకం తర్వాత

నేను నిర్వహించే నెట్‌వర్క్ టూల్ సీ భాషలో రాసినది. లినక్స్ కెర్నల్ హెడర్లనూ (నిర్వచనాలుండే ఫైళ్లను), లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సి హెడర్లనూ ఒకే ఫైలులో చేర్చనిదే దాని పని జరగదు. ఈ రెండింటి నిర్వచనాలు ఢీకొనకుండా చూసే లిబ్‌సి-కంపాట్ హెడర్ 2013లో 3.12 కెర్నల్‌తో రాకముందు, ఐపీవీ6 చిరునామా స్ట్రక్చర్‌ను ఇరుపక్షాలూ నిర్వచించడంతో బిల్డ్ మొదటి నిమిషంలోనే ఆగిపోయేది. కొత్త ఏర్పాటులో జీలిబ్‌సి హెడర్ ముందే వచ్చి ఉంటే కెర్నల్ తన నిర్వచనాలు ఉండాలో వద్దో చెప్పే మాక్రోలను సున్నా చేసుకొని తప్పుకుంటుంది. కెర్నల్ హెడర్ ముందు వస్తే, అది ఇప్పటికే చేరిందని తెలిపే గుర్తును (గార్డును) చూసి జీలిబ్‌సి తన నిర్వచనాన్ని వదిలేస్తుంది. ఎవరి విడుదలలు వారివైన రెండు ప్రాజెక్టులు ఇంత పొందికగా సర్దుకోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

అయితే ఈ పొందిక అన్ని హెడర్లకూ ఒకేలా లేదు. ఒక సహచరుడు ప్రాజెక్టు మొత్తం మీద, కోడ్‌ను చక్కగా అమర్చే క్లాంగ్-ఫార్మాట్ నడిపినప్పుడు, అది హెడర్లను అక్షరక్రమంలో పేర్చడంతో లినక్స్/ఇఫ్.హెచ్ కాస్తా నెట్/ఇఫ్.హెచ్ కంటే ముందుకు వచ్చింది. వెంటనే ఐఎఫ్‌మ్యాప్, ఐఎఫ్‌కాన్ఫ్ స్ట్రక్చర్లను రెండోసారి నిర్వచించారంటూ కంపైలర్ మొరాయించింది. అదే ఫైలులో లినక్స్/ఇన్6.హెచ్ కూడా నెట్‌ఐనెట్/ఇన్.హెచ్‌ను దాటి పైకి వచ్చినా అక్కడ ఏ చిక్కూ లేకపోవడం వల్ల, లోపం వరుసలో ఉందని మాకు చాలాసేపు తట్టలేదు. ఐపీవీ6 విషయంలో ఇరుపక్షాలూ ఒకరినొకరు చూసుకుంటాయి గానీ, ఇంటర్‌ఫేస్ హెడర్ల దగ్గర కెర్నల్ ఒక్కటే చూస్తుంది. మేము అప్పట్లో వాడుతున్న జీలిబ్‌సి చూసేది కాదు. రెండు గుంపుల మధ్య ఒక ఖాళీ వరుస వదిలితే, మా అమరికల్లో క్లాంగ్-ఫార్మాట్ వాటిని కలపదు. దానితో బిల్డ్ మళ్లీ నడిచింది.

నేను ఎదురుచూడని మేలు మరో సీ లైబ్రరీ అయిన మస్ల్ వైపు నుంచి వచ్చింది. మొదట్లో ఈ హెడర్ జీలిబ్‌సిని మాత్రమే గుర్తించేది. ఏ సీ లైబ్రరీ అయినా ఆ మాక్రోలను తానే సున్నాగా ప్రకటించే వీలును కెర్నల్ తరువాత కల్పించింది. మస్ల్ దానిని అందిపుచ్చుకున్నాక, ఈథర్నెట్ హెడర్ స్ట్రక్చర్ కోసం మేము మోస్తూ వచ్చిన ప్యాచ్‌ను తీసివేయగలిగాం.

రెండు సీ లైబ్రరీల మీదా నడవవలసిన టూల్ కాబట్టి నాకు ఇది తప్పనిసరి. కెర్నల్ హెడర్లతో పని పడనివారికి దీని ఉనికి కూడా తెలియనక్కరలేదు. పాత కెర్నల్ హెడర్లతో బిల్డ్ చేయవలసినవారు దీనినే నమ్ముకోవాలని మాత్రం నేను చెప్పలేను. నేనైతే కొత్త ఫైలు మొదలుపెట్టినప్పుడు లిబ్‌సి హెడర్లను ముందు చేర్చి, ఖాళీ వరుస వదిలి, ఆ తర్వాతే కెర్నల్ హెడర్లను చేరుస్తున్నాను.