వర్డ్‌ప్రెస్‌తో ఏడేళ్లు: ఆ రాత్రి నా సామెతలు దక్కింది రివిజన్ల వల్లే

వర్డ్‌ప్రెస్ అంటే వెబ్‌సైట్ నడుపుకునే సాఫ్ట్‌వేర్. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం, థీమ్ (సైట్ రూపం) మార్చడం అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. మా తాతయ్య నోటుపుస్తకాల్లోని సామెతలను ఏడేళ్లుగా ఒక సైట్‌లో పెడుతున్నాను. కంటెంట్ మేనేజ్‌మెంట్ అంటే రాసింది పైకెక్కించడమే అనుకునేదాన్ని, పోయిన వేసవి దాకా.

'క' అక్షరం పేజీలో దాదాపు 300 సామెతలు, ఒక్కోదానికి అర్థం, ఏ సందర్భంలో వాడతారో రెండు ముక్కలు. అచ్చుతప్పులు దిద్దుతానంటే మా చెల్లెలికి ఎడిటర్ లాగిన్ ఇచ్చాను. ఫోన్‌లో దిద్దుతుంటే ఎక్కడో మొత్తం సెలెక్ట్ అయి చెరిగిపోయింది, చూసుకోకుండా అప్‌డేట్ కొట్టేసింది. రాత్రి పదకొండింటికి ఫోన్, "అక్కా, పేజీలో రెండే సామెతలు కనిపిస్తున్నాయేంటే!" నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సామెతలైతే నోటుపుస్తకంలో ఉన్నాయి, అర్థాలు మాత్రం ఊళ్లో పెద్దవాళ్లకు ఫోన్ చేసి అడుగుతూ నేరుగా అక్కడే టైప్ చేసినవి. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు కూడా.

రివిజన్లంటే పేజీ పాత రూపాలను వర్డ్‌ప్రెస్ దాచి ఉంచే సదుపాయం. అవి 2008లో, 2.6 వెర్షన్‌తోనే వచ్చాయి, నేనే ఎప్పుడూ తెరిచి చూడలేదు. తెరిస్తే ఎడమవైపంతా ఎర్రగా, చెరిగిపోయిన సామెతలన్నీ వరసగా ఉన్నాయి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు", దాని కింద నేను రాసిన అర్థం, అక్షరం పొల్లుపోకుండా. పైనున్న స్లైడర్‌ను ఒక అడుగు వెనక్కి జరిపి రిస్టోర్ నొక్కాను, అంతే. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో కూడా అక్కడే ఉంది. చెల్లెలు ఏడుపు ఆపడానికే ఎక్కువసేపు పట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్లు కనిపించినవాళ్లందరికీ కళ్లు మూసుకుని వర్డ్‌ప్రెస్సే పెట్టుకోండని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. రివిజన్లు కాపాడేది శీర్షికను, రాతను, సారాంశాన్ని. మామూలు సెట్టింగుల్లో మీడియా లైబ్రరీలోంచి తీసేసిన ఫోటోకు ట్రాష్ (చెత్తబుట్ట) ఉండదు, పోయిందంటే పోయినట్టే, నోటుపుస్తకం పేజీల ఫోటోలు నాలుగు నా చేత్తో నేనే అలా పోగొట్టుకున్నాను. పైగా పరిమితి పెట్టకపోతే ప్రతి అప్‌డేట్‌కూ పేజీ మొత్తం ఇంకో కాపీగా డేటాబేస్‌లో చేరుతుంది. పొడుగు పేజీలు కదా, బాగా బరువెక్కింది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్‌లో పేజీకి 20 కాపీల దగ్గర ఆపాను.

మాలా ఇద్దరు ముగ్గురు కలిసి పొడుగు పేజీలు రాసుకునేవాళ్లయితే పెట్టుకోమనే అంటాను. ఫోటోలే ప్రధానమైన సైట్ నేను నడపలేదు, దాని సంగతి చెప్పలేను. నా ఫోటోలను మాత్రం ఇప్పుడు ప్రతి ఆదివారం హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుంటున్నాను.