తిరుపతిలో గిటార్ ప్యాకేజీ కొనేవాళ్ళూ, ముందు పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ మెట్టు) దగ్గర నొక్కి చూడండి

కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసమని మన తిరుపతిలో ఒక షాపులో "బిగినర్ ప్యాకేజీ" అమ్ముతున్నారు. గిటార్, సంచి, తీగలు మీటే పిక్‌లు, కాపో (మెడకి బిగించి శ్రుతి పెంచే క్లిప్పు), వాటితో పాటు ఆన్‌లైన్ క్లాసులు, పాట కట్టడం కూడా నేర్పిస్తామని హామీ. మేము మా పాపకి తీసుకున్నాం. మీరు మాత్రం ఇది చదవకుండా డబ్బు కట్టకండి.

గిటార్ చూడటానికి బాగుంది, మెరుస్తోంది. మెడ మొదట్లో వాయించే కార్డ్స్ పర్వాలేదనిపించేవి, పైకి పోయేకొద్దీ అపస్వరం. క్లాసులంటే ముందే తీసిపెట్టిన వీడియోలు, అటువైపు మన పిల్ల వాయించింది వినే మనిషే లేడు. దాంతో పాప లోపం తనలోనే ఉందనుకుంది. "అమ్మా, నాకు శ్రుతి జ్ఞానం లేదేమో" అని రెండు మూడుసార్లు అనింది. డబ్బు పోయినదానికన్నా నాకు ఆ మాటే ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే ఈ మాట అనుకుని మానేసిన పిల్లలు ఎంతమంది ఉంటారో.

సొంతంగా ఒక పల్లవికి ట్యూన్ కూడా కట్టుకుంది. దాన్ని స్నేహితురాలి కీబోర్డ్‌తో కలిపి వాయిస్తే కింది స్వరాలు కలిశాయి, పై స్వరాలు ఒక్కటీ కలవలేదు. అప్పుడు మా వీధిలో ఉండే, ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్న అమ్మాయిని పిలిచాం. ఆమె ఫోన్‌లో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ పెట్టి తీగలన్నీ సరిచేసి, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటింది, తర్వాత అక్కడే గట్టిగా నొక్కి మీటింది. రెండూ ఒకే స్వరం పలకాలి. మా గిటార్‌లో నొక్కినప్పుడు ట్యూనర్ ముల్లు కుడివైపుకి, అంటే స్వరం పెరిగిన వైపుకి, పోయి అక్కడే నిలబడింది, ఆరు తీగలకీ అంతే. ఫ్రెట్‌కీ తీగకీ మధ్య పెన్సిల్ పెడితే దూరిపోయింది! రెండున్నర, మూడు మిల్లీమీటర్ల లోపు ఉండాల్సిన ఎత్తు అది. అంత ఎత్తు నుంచి నొక్కితే తీగ సాగి బిగుసుకుంటుంది, బిగుసుకుంటే స్వరం పెరుగుతుంది. వేళ్ళు కోసుకుపోవడం కూడా అందుకే. నేర్చుకునేటప్పుడు వేళ్ళు నొప్పి పుట్టడం మామూలే కానీ, ఇది ఆ నొప్పి కాదు.

షాపుకి పోతే "కొత్త తీగలు కదమ్మా, వాయిస్తా ఉంటే సెట్ అయిపోతాయి" అన్నారు. కొత్త తీగలు కొన్నాళ్ళు శ్రుతి దిగడం నిజమే, ట్యూన్ చేసుకుంటే సరిపోతుంది. పన్నెండో ఫ్రెట్ తేడా మాత్రం వాయిస్తే పోదు, మెడనో, తీగల అడుగు కొసని పట్టుకునే బ్రిడ్జినో సరిచేయాల్సిందే. ఆ మాట చెప్తే బిల్లు మీది ముద్ర చూపించారు, అమ్మిన సరుకు వాపసు తీసుకోము అని. లోపమున్న వస్తువుకి ఆ ముద్ర చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో చెప్పిన గడువులోపు, గడువు ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. అందుకే బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, తెలుగులోనే మాట్లాడారు.

కొనేటప్పుడు వాయించడం వచ్చినవాళ్ళని ఒకరిని వెంటబెట్టుకుని పోండి, మన ఊళ్ళో సంగీతం వచ్చినవాళ్ళకి కరువా? ప్యాకేజీగా కాకుండా వాద్యం వేరుగా, క్లాసు వేరుగా చూసుకోండి. క్లాసులో మనిషి మీ పిల్ల వాయించింది విని తప్పు చెప్తున్నారా లేదా అన్నదే అసలు సంగతి. కీబోర్డ్ అయితే 61 కీలు ఉండి, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికేది తీసుకోండి. వీణ అయితే గురువు చూడకుండా వద్దే వద్దు, దాని 24 మెట్లూ మైనంలో కూర్చినవి, మన ఎండల్లో కారులో వదిలేస్తే కదిలిపోతాయి. నైలాన్ తీగల గిటార్‌కి స్టీల్ తీగలు వేయించకండి, ఆ లాగుడుకి బ్రిడ్జి ఊడొస్తుంది.

ఇక పాట కట్టాలనుకునే పిల్లలకి, ముందు మీ గొంతు శ్రుతి తెలుసుకోండి. ఆడపిల్లలకి ఐదు, ఐదున్నర శ్రుతి (కీబోర్డ్ మీద G, G#) దగ్గర, మగవాళ్ళకి ఒకటి (C) దగ్గర హాయిగా ఉండటం ఎక్కువగా చూస్తాం. ట్యూన్ తట్టగానే తాళం వేస్తూ ఫోన్‌లో పాడి పెట్టుకోండి, స్వరాలు తర్వాత రాసుకోవచ్చు. మా పాప పల్లవి పోకుండా మిగిలింది అలా పాడి పెట్టుకున్నందుకే.

ఈ ప్యాకేజీ ఇప్పటికే తీసుకున్నవాళ్ళు తీగలు మార్చకండి, ఎవరిచేతా రిపేరు చేయించకండి. ట్యూనర్ కనబడేలా పన్నెండో ఫ్రెట్ దగ్గర వీడియో తీసి, బిల్లు ఫొటోతో పాటు దాచిపెట్టుకుని, బిల్లులో రాసిన గడువు, అది లేకపోతే 30 రోజులు దాటకముందే షాపుకి రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.